పోసిన రంగులో పుట్టిన మూర్తి: చిత్రలేఖన న్యాయనిర్ణేతలకు బహిరంగ లేఖ

పాఠశాలా విద్యార్థుల చిత్రలేఖన పోటీలయందు న్యాయనిర్ణేతలుగా కూర్చుండు పెద్దలకును, ఆ పోటీలకు నిబంధనలు వ్రాయు నిర్వాహకులకును, మనూరు నుండి వ్రాయునది.

మహాశయులారా,

మీవంటి పెద్దలు కూర్చున్న ఒక సభనుండి తిరిగివచ్చిన ప్లైవుడ్డు పలక వెనుక ఎఱ్ఱసిరాతో రెండు వాక్యములు వ్రాసియున్నవి. “చేతితో గీసినది కాదు” అనునది మొదటిది. “ఊహాజనిత రూపము, పరిశీలనకు అనర్హము” అనునది రెండవది. ఆ పోటీ యేదో, దానిని నడపినవారెవరో ఈ లేఖలో చెప్పను. ఏలయన నా అభ్యంతరము ఒక్క సభమీద గాదు, ఒక్క వ్యక్తిమీద నంతకంటెను గాదు. పలకను త్రిప్పి వెనుక వ్రాయుటకు పట్టిన కాలమైనను దాని ముఖమును చూచుటకు వెచ్చింపని అలవాటు మీ వర్గమందు స్థిరపడుచున్నదనియు, ఆ అలవాటే ఒకనాడు నిబంధనయై అచ్చుపడుననియు భయపడి, మీ అందఱిని ఉద్దేశించి వ్రాయుచున్నాను.

ఆ పలకను చేసిన బాలిక మా మండలములోని ఒక తండాకు చెందినది. తొమ్మిదవ తరగతి చదువుచున్నది. నారాయణఖేడు ప్రాంతమునుండి ఏటేట చెఱకు నరకబోవు వలస కుటుంబములలో వారిదియు ఒకటి. కోతల కాలమున తలిదండ్రులు దూరదేశమునకు పోగా, ఆమె అవ్వ యొద్ద నుండి బడికి పోవును. ఆమె బడిలో డ్రాయింగు సారు లేడు. చేతిఫోనులో చూచి నేర్చినది కొంత, చెడగొట్టి నేర్చినది అంతకంటె ఎక్కువ. రంగును పోసి చిత్రించు ఈ విద్యను పిల్లలు పోరింగు అందురు. మీరు చూడక విడిచిన పని ఎట్లు జరిగినదో వినిపించెదను, ఓపికతో వినుడు.

ప్లాస్టిక్కు గ్లాసులలో యాక్రిలిక్ రంగులను వేఱువేఱుగా తీసికొని, ఒక్కొకదానిలో ఫెవికాలును నీటిని కలిపి, చెంచానుండి జాఱునప్పుడు తేనెధారవలె తెగక సాగునంత పాకమునకు తెచ్చి, తెలుపు, నలుపు, ఆకుపచ్చ, నీలము అను వరుసను ముందే నిర్ణయించుకొని, వానిని మఱియొక గ్లాసులో పొరపై పొరగా కదలనీక పోసి, ఆ గ్లాసును పలకపై బోర్లించి, కొంతసేపు ఆగి మెల్లగా పైకెత్తినది. రంగులు నలుదెసల పాఱినవి. అప్పుడు పలకను రెండు చేతుల నెత్తి, ఒక మూలకు వంచి, మఱల వేఱొక మూలకు వంచి, ఏ రంగు అంచు దాటి నేలపాలు కావలెనో, ఏది పలకమీద నిలువవలెనో చూచుకొనుచు, అవసరమైనచోట అడిగి తెచ్చుకొన్న హెయిర్ డ్రయ్యరుతో గాలి ఊది, ప్రవాహమును త్రిప్పినది. జుట్టుకు రాచుకొను సీరము ఒకటి రెండు బొట్లు ముందే కలిపియుండుటచే, పై రంగు విచ్చి క్రింది రంగు గుండ్రని కన్నులుగా బయటపడినది. ఈ పని నడచు సమయము మిక్కిలి స్వల్పము. రంగు బిగిసిన తరువాత దిద్దుబాటునకు అవకాశము లేదు. తైలవర్ణ చిత్రకారునకు నాలుగు దినములు వెనుకముందులాడుటకు వీలున్నది గాని, ఈ బాలికకు ఆ వెసులుబాటు లేదు.

పలక ఆఱిన పిమ్మట అసలు పని మొదలైనది. దానిని గోడకు చేర్చి, నిలువుగా, అడ్డముగా, తలక్రిందుగా త్రిప్పి త్రిప్పి చూచి, ఒకచోట మెడ వంపును, ఒకచోట విచ్చిన రెక్కను, ఆ గుండ్రని కన్నులన్నియు గుమిగూడినచోట మొసలి వీపుమీది పొలుసులను గుర్తించి, వాని చుట్టు సుద్దముక్కతో గీతను నడపి, ఆ గీతకు వెలుపల నున్న దానినంతటిని సన్నని కుంచెతో నల్లరంగు పెట్టి కప్పివేసినది. స్త్రీ ముఖము, కొంగ రెక్కలు, మొసలి తోక గల ఒక జలదేవత ఆ నలుపునుండి తేలి వచ్చినది. మూర్తి లోపల కుంచె తాకిన చోటు ఒక్కటియు లేదు. రేఖయంతయు వెలుపలనే యున్నది. “నేను గీయలే సారూ, అండ్లనే కనవడ్డది, చుట్టూత ఉన్నది తీసేసిన” అని ఆమె నాతో చెప్పినది. శిల్పవిద్య నెఱిగిన మీకు ఈ మాట విలువ నేను వివరింపవలయునా?

“చేతితో గీసినది కాదు” అని మీరు వ్రాసితిరి. ఏ చేయి పలకను వంచినది? ఏ చేయి ఆపవలసిన క్షణమున ఆపినది? కుంచె మొనతో చేసిన నిర్ణయము కళయై, మణికట్టుతో చేసిన నిర్ణయము యాదృచ్ఛికమగుట ఏ శాస్త్రమందు చెప్పబడినది? యాదృచ్ఛికమని మీరు తేల్చివేసిన ఆ కన్నులకు సయితము నియమమున్నది. తెల్లరంగునందలి టైటానియం డయాక్సైడు నీటికంటె నాలుగు రెట్లకు పైగా సాంద్రమైనది. నల్లరంగునందలి మసి సుమారు 1.8 రెట్లు మాత్రమే. బరువైన తెలుపు తేలికైన నలుపుపై నిలిచినప్పుడు ఆ నిలుకడ సాగక, తెలుపు క్రిందికి క్రుంగుచు, నలుపు పైకి పొంగుచు, ఒండొంటిని చీల్చుకొనును. మెక్సికో దేశపు పరిశోధకులు ఈ విషయమునే ప్రయోగములతో పరీక్షించి 2015లో ప్రకటించిరి. వారు పరీక్షించినది ఎవరి పద్ధతి? డేవిడ్ అల్ఫారో సికేరోస్ అను మహాచిత్రకారుడు 1936లో న్యూయార్కునందు ప్రయోగశాల పెట్టి, పలకలపై లక్కరంగులను ఒకదానిపై నొకటి పోసి కనుగొన్న పద్ధతి. జాక్సన్ పొలాక్ ఆ ప్రయోగశాలలో పనిచేసిన యువకులలో నొకడు. అదే సంవత్సరమున సికేరోస్ చేసిన సామూహిక ఆత్మాహుతి యను పలకయందు, పోసిన రంగుల సుడులనుండి కొండచఱియలు లేచినవి. ఆ కొండకొమ్ములనుండి దూకు ఆదిమజనుల మూర్తులు, వారిపైకి నడచి వచ్చు ఆశ్వికుల మూర్తులు వాని నడుమ నిలిచినవి. అది నేడు న్యూయార్కు ఆధునిక కళాసంగ్రహాలయములో నున్నది. అక్కడి వారు దానిని వెనుకకు త్రిప్పి ఎఱ్ఱసిరాతో ఏమియు వ్రాయలేదు.

ఆ బాలికకు సికేరోస్ పేరు తెలియదు, సాంద్రత పట్టిక తెలియదు. పలకమీద తెలుపు అడుగున పడినచో కన్నులు విచ్చుకొనవనియు, పైన నిలిచినచో విచ్చుకొనుననియు మాత్రము, పలుమాఱులు రంగు వ్యర్థమైన తరువాత తెలిసికొన్నది. అనుభవము చేత నియమమును గ్రహించి, ఆ నియమమును తన ఇచ్ఛకు లోబఱచుకొనుటయే గదా సాధన?

దూరదేశపు సాక్ష్యము మీకు రుచింపనిచో, మన దక్కనునే సాక్షిగా పిలిచెదను. పదునేడవ శతాబ్దపు నడుమ బీజాపూరు చిత్రకారులు జిగురుతో చిక్కపఱచిన నీటిపై రంగులను తేల్చి, పుల్లతోను దువ్వెనతోను కదపి, ఆ అలల సుడులను కాగితముమీదికి ఎత్తుకొను విద్యను ఎఱిగియుండిరి. అబ్రీ అను పేర ఈ విద్య గ్రంథముల అంచులకు అలంకారముగా పలు దేశములలో వాడుకలో నుండెను. దానిని అంచులలోనుండి పుటమధ్యమునకు తెచ్చి, దానిచేత మూర్తులను పుట్టించిన ఘనత దక్కనుది. రంగు తగులరాని భాగమును కత్తిరించిన కాగితముతోనో జిగురుతోనో కప్పి, తగులవలసిన చోట మాత్రము సుడులు పడునట్లు చేసి, ఎముకలు తేలిన గుఱ్ఱములను, వానిపై పయనించు తపస్వులను, ఏనుగులను వారు నిలిపిరి. చుట్టు నున్నదానిని కప్పి, ప్రవాహమును మూర్తికి లోపల బంధించిరి. మా తండా పిల్ల చేసినది దీనికంటె వేఱా? 1619లో బీజాపూరు సుల్తానుల వశమై, 1657లో మొగలుల చేతికి పోవువఱకు వారి ఏలుబడిలోనే యుండిన బీదరు మా మనూరునకు పొరుగు పట్టణము. మంజీర ఆ బీదరు సీమను దాటియే మా పొలముల కడకు వచ్చును. ఈ దక్కను చిత్రములను, గోల్కొండ చిత్రకారులు మనుష్యులను మృగములను పక్షులను ఒకదానిలో నొకటి ఇమిడ్చి కూర్చిన అద్భుతాశ్వముల వంటి వానిని, న్యూయార్కు మెట్రోపాలిటన్ సంగ్రహాలయము 2015లో ఒక మహాప్రదర్శనగా నడపి, ఆ ప్రదర్శన నామమందే వైభవమును అద్భుతకల్పనను ప్రక్కప్రక్కన చేర్చినది. లోకము మన సీమకు ఏ గుణమును చూచి తల వంచినదో, ఆ గుణమునే మన సీమ బిడ్డయందు మీరు దోషముగా నెంచినారు.

ఇక మీ రెండవ వాక్యమునకు వచ్చెదను. “ఊహాజనిత రూపము” అనుమాట మీరు నిందగా వ్రాసితిరి. తెలుగుదేశమున ఈ మాట నింద యగుట ఎన్నటినుండి? పాలంపేటలో 1213వ సంవత్సరపు రామప్ప దేవాలయమున చూరు క్రింద నిలిచిన వ్యాళములను ఏ అడవిలో చూచి చెక్కిరి? ఓరుగల్లు తోరణములపై నున్న మకరములను ఏ చెఱువులో చూచిరి? గోల్కొండ బాలాహిసారు ద్వారముపై నిలిచిన విచిత్రమృగములను ఏ వేటకాడు తెచ్చియిచ్చెను? సగము సింహమును సగము మనిషియునైన దేవునికి అహోబిలమునుండి యాదగిరిదాక కొండకొండకు గుడి కట్టి మ్రొక్కు జాతికి, రెక్కలును తోకయు గల స్త్రీమూర్తి పరిశీలనకే అనర్హమని చెప్పుట ఎవరికి చెల్లును?

మీలో అనేకుల బాల్యము చందమామ పుటల నడుమ గడచినదే యని నా నమ్మిక. 1947 జూలైలో మొదలైన ఆ పత్రికకై దాసరి సుబ్రహ్మణ్యము తోకచుక్క, మకరదేవత, రాకాసిలోయ వంటి ధారావాహికలను వ్రాయగా, చిత్రా వానికి రాక్షసులను, జలచరములను, మంత్రద్వీపములను చిత్రించెను. శంకర్ చెట్టుకొమ్మనుండి శవమును దింపి విక్రమార్కుని భుజముపైకి ఎక్కించెను. వడ్డాది పాపయ్య తన వర్ణములతో దేవతలను గంధర్వులను ఇంటింటి గోడకు దించెను. ఆ బొమ్మలను కత్తిరించి దాచుకొన్న చేతులే గదా నేడు తీర్పులు వ్రాయుచున్నవి? మన ఉమ్మడి మెదకు జిల్లాలోనే, నిజాంపూరునందు 1940లో పుట్టిన లక్ష్మాగౌడు, మనిషియు మేకయు చెట్టును ఒకదానిలోనికొకటి పెనవైచుకొను మూర్తులతోనే దేశమున ఖ్యాతి గడించి, 2016లో పద్మశ్రీ నందుకొన్నాడు. ఆయన తొలినాటి రేఖాచిత్రములు మీ బల్లమీదికి వచ్చియుండినచో ఏ సిరాతో ఏమి వ్రాసియుందురో నాకు తలచుటకే కష్టముగా నున్నది.

పైగా ఆ బాలిక ఊహ గాలినుండి పుట్టినది గాదు. మహారాష్ట్రలోని బాలాఘాటు కొండలలో పుట్టి వచ్చు మంజీర, వానకాలమున నల్లరేగడిని కడుగుకొని ఏ రంగున పాఱునో, సింగూరు జలాశయము నిండి నీరు వెనుకకు తన్నినప్పుడు ఒడ్డు పొలముల మీద కొంగలు ఎట్లు దిగునో ఆమె చిన్ననాటినుండి చూచుచున్నది. సింగూరునకు దిగువ, 1978లో అభయారణ్యముగా ప్రకటింపబడిన మంజీర నీటిపట్టున మొసళ్లు నేటికిని ఉన్నవి. నదియొడ్డు ఊళ్లలో వాని కథలు ప్రతి అవ్వకు వచ్చును. బోరంచ నల్లపోచమ్మ జాతరకు పోయి నీటియొడ్డున నిలిచిన పిల్లకు, నది ఒక స్త్రీగా, ఆ స్త్రీకి కొంగ రెక్కలును మొసలి తోకయు నున్నట్లుగా తోచుటలో వింత యేమున్నది? అచ్చుపుస్తకమునుండి తాజమహలును ఎక్కించి తెచ్చిన చిత్రము వాస్తవమనియు, కన్నులార చూచిన నదిని మూర్తిగా మార్చి తెచ్చిన చిత్రము అవాస్తవమనియు మీరు విభజించు గీటు ఎక్కడిది?

మీ పక్షమున చెప్పదగిన న్యాయము లేకపోలేదు, దానిని దాచను. గ్లాసు బోర్లించి, పాఱినదానిని పాఱినట్లు వదలి, చట్రము కట్టి తెచ్చిన పలకలు నేడు కొల్లలుగా వచ్చుచున్నవి. నెలరోజులు పెన్సిలుతో నీడలు దిద్దిన పిల్లవానికిని, పూటలో పని ముగించిన పిల్లవానికిని ఒకే కొలత పెట్టుట ఎట్లని మీరు సందేహింతురు. ఆ సందేహము న్యాయమైనదే. కాని మంచి పోతను చెడ్డ పోతనుండి వేఱు చేయుటకు వలయునది చూపు. అందఱిని కలిపి తోసివేయుటకు చూపే అక్కఱలేదు. మిమ్ములను పిలిచి, కండువా కప్పి, బల్లయెదుట కూర్చుండబెట్టునది మీ చూపు కొఱకే. రంగుల వరుస ఆలోచించి పెట్టినదా, ప్రవాహము వంచిన చోట వంగినదా, అంచులయందు మట్టిగొట్టుకొని పోయినదా, ఎంచిన మూర్తి ఆ సుడులతో పొసగినదా, పైనుండి అతికించినట్లున్నదా అని చూచినచో అర్ధనిమిషములో తెలియును. తెలియనిచో ఆ బిడ్డను పిలిచి, ఎట్లు చేసితివని అడుగుడు. ఎవరో చేసి యిచ్చినది తెచ్చిన పిల్ల చెప్పజాలదు; తాను చేసిన పిల్ల ఆపుమన్నను ఆపదు.

మీ బాధ్యత ఇంతటితో తీఱదు. 2009వ సంవత్సరపు ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము, ఆఱునుండి ఎనిమిది తరగతులలో నూఱుమందికి మించి పిల్లలున్న బడికి కళావిద్య బోధించు ఆంశికకాల శిక్షకుడుండవలెనని తన అనుబంధమందే చెప్పినది. 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము పదవ తరగతివఱకు కళలు అందఱికి బోధింపవలసిన విషయమని చెప్పినది. ఆ శిక్షకుడు లేని బడినుండి, ఆ పీరియడు పట్టికలో నుండియు గదిలో జరుగని బడినుండి, ఒక పిల్ల తనకు తానుగా ఒక విద్యను పట్టుకొని వచ్చినప్పుడు, ఆమె జీవితమున చిత్రకళ తెలిసిన పెద్దవారిని ఎదుర్కొను మొదటి సందర్భము మీ బల్లయే. సిద్ధిపేటలో డ్రాయింగు మాస్టారుగా పనిచేసిన కాపు రాజయ్య, నకాషీ పటముల రంగులను బోనాల బతుకమ్మల మూర్తులను తన చిత్రములలోనికి తెచ్చి, ఒక జిల్లాకంతటికి దారి చూపెను. అట్టి మాస్టారు లేని చోట ఆ లోటును క్షణమాత్రమైనను పూరింపవలసినవారు మీరు. పూరింపలేకపోయినను పోనిండు, ఉన్న దీపమును ఆర్పు అధికారము మీకెవరిచ్చిరి?

ఇది ఒక పిల్ల బహుమానపు మాట యని తలపకుడు. మా మండలమున తెలుగు, కన్నడము, మరాఠీ, లంబాడీ మాటలు ఒకే బడి వాకిట వినబడును. ఇంట నొకటి, బడిలో నొకటి మాటలాడు పిల్లకు వ్యాసరచన పోటీలోను వక్తృత్వ పోటీలోను మొదటినుండియే వెనుకబాటు తప్పదు. రంగు ముందు మాత్రము అందఱును సమానులు. ఆ ఒక్క వాకిలిని కూడ మూసివేయు తీర్పునకు మూల్యము ఎవరు చెల్లింతురు? మీరు చెల్లింపరు. ఆ పోటీలు జరుగు భవనములు ప్రజలవి, బహుమతుల ధనము ప్రజలది, బిడ్డలును ప్రజల బిడ్డలే. కనుక తీర్పునకు కారణ మడుగు హక్కును ప్రజలకు గలదు.

ఆ హక్కుతోనే అడుగుచున్నాను. ఏ చిత్రమునైనను నిరాకరించినప్పుడు కారణమును పూర్తి వాక్యములలో, మీ పేరుతో, సంతకముతో వ్రాసి ఆ విద్యార్థికి ఇండు. పోతపద్ధతిని వేఱు విభాగముగా పెట్టుదురో, ఉన్న విభాగములోనే దానికి తగిన కొలతలు పెట్టుదురో మీ యిష్టము. ఏ కొలతయైనను పోటీకి ముందే బడులకు తెలియజేయుడు, తీర్పు వేళ పుట్టింపకుడు. అంశమునుబట్టి అర్హత నిర్ణయించు పద్ధతిని విడువుడు. గ్రామదృశ్యము, జాతీయనాయకుడు, పర్యావరణము అను మూడు గాడులలోనే పిల్లల బుద్ధి నడవవలెనని కోరకుడు. తీర్పు చెప్పిన సాయంత్రము పది నిమిషములు కేటాయించి, గెలువని పిల్లలతోను మాటలాడుడు. వీనిలో దేనికిని ప్రభుత్వపు ప్రత్యేకానుమతి వలదు, నిధులు వలదు. మీరు సమ్మతించిన చాలును.

రాబోవు విద్యాసంవత్సరపు పోటీలకు నిబంధనలు మఱల మీ చేతనే వ్రాయబడును. వానిలో “చేతితో గీసినవి మాత్రమే” అను మాట నుంచుదురా? ఉంచినచో, బీజాపూరు తపస్వుల చిత్రమును, సికేరోస్ పలకను మీరు ఏ విభాగమున చేర్చుదురో, చేర్చజాలనిచో ఎందులకో, మాకు వివరింపుడు. ఈ లేఖ బహిరంగముగా వ్రాసినది. సమాధానమును బహిరంగముగానే కోరుచున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
మనూరు మండల వాస్తవ్యుడు
మనూరు, నారాయణఖేడు డివిజను, సంగారెడ్డి జిల్లా